కదలకూడని గంట

ఇరవై రెండో నిమిషానికే నలభై ప్రశ్నలూ అయిపోయాయి. ఇంకా ముప్పై ఎనిమిది నిమిషాలు ఇక్కడే కూర్చోవాలి, ఇట్లాగే, వీపు నిటారుగా పెట్టి, చూపు ఫోను మీద, ముఖం ఆ చిన్న చదరంలో. కింద ‘సమర్పించు’ అని గుండీ ఉంది గాని అది బూడిద రంగులో ఉంది, నొక్కితే పలకదు, గంట నిండితే తప్ప పచ్చబడదట. చదరంలో నన్నే చూస్తున్న పిల్ల నేనే, నాగరాణి, ఎం.ఎస్సీ. కెమిస్ట్రీ, చివరి సెమిస్టరు, ముక్కు మీద చెమట బొట్టు. తుడుచుకుందామంటే చెయ్యి ముఖానికి అడ్డమొస్తుంది, అడ్డమొస్తే హెచ్చరిక, మూడు హెచ్చరికలైతే పరీక్ష దానంతటదే మూసుకుపోతుంది. డిసెంబరు చలిలో కూడా చెమట పట్టే చదువు ఇది. కోర్సుకు పేరు మాత్రం ఎంత ముద్దుగా పెట్టారో, ‘మీ వేగంతో మీరు’ అని. నా వేగం ఇరవై రెండు నిమిషాలు. మిగతా ముప్పై ఎనిమిదీ ఎవరి వేగమని అడుగుదామంటే అవతల మనిషి లేడు.

ఫోను బియ్యం డబ్బాకు ఆనించి ఉంది. ముఖం మీద వెలుతురు పడాలన్నారని వాకిలికి ఎదురుగా కూర్చున్నాను, కాబట్టి ఫోను పైనుంచి గడప, గడప అవతల ఎండ, ఎండలో అవ్వ చెప్పులు ఓరగా కనపడుతున్నాయి, సూటిగా చూడకూడదు. గొర్రెల దొడ్డి ఎడమ పక్కన, గోడ మలుపు తిరిగితే ఉంటుంది, ఇక్కడి నుంచి కనపడదు. అందులో ఇప్పుడు ఒక్కటే గొర్రె. బాపు, అమ్మ మందను తోలుకుని హుజూర్‌నగర్ దిక్కు పోయి పద్దెనిమిది రోజులైంది, వరి కోసిన మళ్లలో రాత్రిపూట మంద పెడితే ఎరువవుతుందని అక్కడి రైతులు ఏటా పిలుస్తారు. సూడిది, పైగా ఒక కాలు కుంటిది, అంత దూరం నడవలేదని దీన్ని మా మీద వదిలి వెళ్లారు. మేమంటే నేను, మా అవ్వ గుర్వమ్మ. హాస్టలు తెరిచి ఉంటే యూనివర్సిటీ ల్యాబులో ఫ్యాను కింద కూర్చుని రాసేదాన్ని, సెలవులని దాన్ని మూసేశారు, అందుకని నకిరేకల్‌లో బస్సు దిగి ఆటో ఎక్కి ఈ బియ్యం డబ్బా ముందరికి వచ్చి పడ్డాను.

పొద్దున తల దువ్వుకుంటూ అవ్వకు ఒకటికి రెండుసార్లు చెప్పాను. “అవ్వా, పది గొట్టంగ మొదలైతది. పదకొండు దాంక చప్పుడు గావొద్దు. మాటలు ఇనపడ్డా, నేను అటు ఇటు చూసినా పరీక్ష ఖతం. మళ్ల ఏడాది దాంక పెట్టరు.” అవ్వ బోసినోటితో నవ్వింది. “గోడలకు చెవులుంటయంటరు, గిప్పుడు ఫోనుకు గూడ మొలిచినయా?” నవ్వింది గాని ఊరుకోలేదు. కోళ్లను గంప కింద కమ్మేసింది. పత్తి ఏరడానికి పోతూ నీళ్లు తాగడానికి ఆగిన పక్కింటి ఆడవాళ్లను, “మా పిల్ల పరీక్షల ఉన్నది, జర మెల్లగ పోండ్రి,” అని చేతులెత్తి దండం పెట్టి పంపింది. వాళ్లు పోయాక వాడకట్టంతా ఖాళీ.

నిజం చెప్పాలంటే ఈ చదువు నాకు మొదట్లో నచ్చింది, నచ్చలేదని చెప్తే కళ్లు పోతాయి. క్లాసులో సార్లు ఇంగ్లీషులో మొదలుపెట్టి ఆపకుండా పరుగెత్తేవారు, నాకు నాలుగో మాట దగ్గరే కాలు జారేది, లేచి అడిగితే ముందు బెంచీల వాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు, ఆ చూపుకు భయపడి డిగ్రీ మూడేళ్లూ అర్థమైనట్టు తల ఊపాను. ఈ గణాంక శాస్త్రం వీడియోల్లో పెద్దాయన ఒకాయన వస్తాడు, తెల్ల చొక్కా, మెడలో మైకు, ఆయన్ని నేను వేలితో ఆపగలను. ఒకే మాటను తొమ్మిదిసార్లు చెప్పించుకున్నాను, ఆయన విసుక్కోలేదు, ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. మొదటి వారం ఎంత సంతోషపడ్డానో నాకే తెలుసు. పదోసారి కూడా అర్థం కాకపోతే ఏం చెయ్యాలన్నది రెండో వారంలో ఎదురైంది. ‘ప్రశ్న అడగండి’ అన్నచోట ఇంగ్లీషులో కూడబలుక్కుని నాలుగు వాక్యాలు రాశాను. వెంటనే జవాబొచ్చింది, ‘మీ ప్రశ్న మాకు ఎంతో విలువైనది’ అని. నాలుగు నెలలైంది, ఇంకా విలువ కడుతున్నట్టున్నారు.

గ్లోరీ అట్లా అనుకోదు. గ్లోరీ నా రూమ్మేటు, సాయంత్రాలు బట్టల దుకాణంలో పని చేసి తొమ్మిదింటికి వస్తుంది. “క్లాసు నాకోసం ఆగదే రాణీ, గీ వీడియో ఆగుతది. నాకు గిదే బడి,” అంటుంది, చెవుల్లో వైర్లు పెట్టుకుని అన్నం తింటూ రాసుకుంటుంది. మా క్లాసు నవీన్‌కుమార్ ఇంకో రకం. “సర్టిఫికెట్ వస్తె సాలు, సదువు ఎవనికి గావాలె,” అని వీడియో పెట్టి ఫోనును దిండు కింద దాచి క్రికెట్టుకు పోయేవాడు. నేనేమో ఇద్దరి మధ్యా వేలాడాను, పొద్దున గ్లోరీని, మధ్యాహ్నానికి నవీన్‌కుమార్‌ని. నీ ఇష్టం వచ్చినప్పుడు చదువుకో అన్నారు గదా, ఆ ‘ఇష్టం వచ్చినప్పుడు’ అనేది ఎప్పుడూ రేపే వస్తుంది, అట్లా ముప్పై వీడియోలు పేరుకుపోయి

అరిచింది. దొడ్డిలోంచి గొర్రె, ఒక్కటే అరుపు, పొడుగ్గా, చివర విరిగిపోయినట్టు. ఫోను కంయ్యిమంది. తెర మీద ఎర్రటి పట్టీ, ‘పరిసరాల్లో శబ్దం గుర్తించబడింది, మొదటి హెచ్చరిక’. చదరంలో పిల్ల మాత్రం కదల్లేదు, శభాష్. ఇది ఆకలి అరుపు కాదు. పుట్టిన్నుంచీ గొర్రెల మధ్య ఉన్నదాన్ని, ఆకలికి అరిచేది, పిల్ల కోసం అరిచేది, కుక్కను చూసి అరిచేది నాకు వేరువేరుగా తెలుసు. ఇది ఈనే అరుపు. బాపు చెప్పి వెళ్లిన లెక్క ప్రకారం ఇంకా వారం ఉంది, గొర్రె మాత్రం తన వేగంతో తాను మొదలుపెట్టింది. అవ్వ ఉంది, చూసుకుంటుంది, అవ్వ ఎన్ని ఈతలు చూడలేదు, నేను పుట్టినప్పుడు బొడ్డు కోసింది కూడా అవ్వే. ముప్పై మూడు నిమిషాలు.

ముప్పై వీడియోలు పేరుకున్నాయా, నా ఒక్కదానివే కాదు, గదిలో ఆరుగురివీ. అప్పుడు ఉపాయం చెప్పింది నేనే. మా ఊళ్లో పదీ ఇరవై గొర్రెలున్నవాళ్లు ఎవరివి వాళ్లు కాయలేరు, అందరివీ కలిపి ఒక మందగా చేసి వంతులు పెట్టుకుంటారు, ఇవాళ ఒకింటివాళ్లు కాస్తే రేపు ఇంకొకరు. “మనం గూడ గట్లనే చేద్దాం,” అన్నాను. మంచం మీద ఆరు ఫోన్లు వరుసగా పెట్టి, వంతు ఎవరిదైతే వాళ్లు కూర్చోవాలి, పన్నెండు నిమిషాలకోసారి ‘మీరు చూస్తున్నారా?’ అని అడుగుతుంది, ఆరింటి మీదా ‘చూస్తున్నాను’ అని నొక్కాలి. అందరూ నా తెలివికి చప్పట్లు కొట్టారు. వారం తిరిగేసరికి ఒకతెకు తలనొప్పి, ఒకతెకు సినిమా, గ్లోరీకి దుకాణం, “నువ్వైతె గొర్లు గాసినదానివి, నీకు ఓపికుంటది,” అని వంతులన్నీ నా మీదకే వచ్చాయి. తిట్టుకుంటూనే కూర్చున్నాను. ఒక్కో ఫోను ఒక్కో పాఠం దగ్గర ఉండేది కాబట్టి ప్రతి పాఠమూ నాకు నాలుగైదు సార్లు చెవిన పడింది, తెల్ల చొక్కా పెద్దాయన దగ్గు కూడా ఎక్కడొస్తుందో చెప్పగలను. నవ్వొస్తుంది, నవ్వకూడదు, నవ్వితే ముఖం మారుతుంది. ఇరవై రెండు నిమిషాల్లో రాయడం వెనక రహస్యం ఇదీ, శ్రద్ధా కాదు పాడూ కాదు, ఇరుక్కుపోవడం. తప్పించుకోలేనిచోట కూర్చోబెడితే నాకు చదువొస్తుంది కాబోలు. వాళ్లు పెట్టిన పేరుకూ నాకొచ్చిన చదువుకూ ఏ సంబంధమూ లేదు.

గడప మీద నీడ పడింది. అవ్వ. చూడకు, ఫోను వైపే చూడు. ఓరకంట మాత్రం కనపడుతోంది, మోచేతుల దాకా తడి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని ఉంది. నోరు తెరవలేదు, పొద్దున చెప్పింది ఎంత గట్టిగా పెట్టుకుందో. కుడిచెయ్యి పైకెత్తి మణికట్టు దగ్గర మడిచి చూపించింది, మళ్లీ ఒకసారి మడిచింది. అర్థమైంది, అర్థం కాకుండా ఎట్లా ఉంటుంది, ఈ సైగ మా ఇంట్లో నేను నడక నేర్చేనాటికే ఉంది. పిల్ల తల దారిలోకి వచ్చింది గాని ముందరి కాలు ఒకటి వెనక్కి మడత పడి చిక్కుకుంది. ఒక్క క్షణం, ఒక్కటంటే ఒక్క క్షణం నా కళ్లు అవ్వ ముఖం మీదికి లేచాయి. కంయ్యిమంది. ‘చూపు తెర నుంచి మళ్లింది, రెండవ హెచ్చరిక. ఇంకొకసారి జరిగితే మీ పరీక్ష ముగించబడుతుంది.’ ఆ మోతకు అవ్వ నిప్పు తొక్కినట్టు వెనక్కి జరిగింది. వేలు పెదవుల మీద పెట్టుకుంది, నాకా తనకా తెలియదు, తల అడ్డంగా ఊపింది, పోయింది. చెప్పుల చప్పుడు కూడా రాకుండా పోయింది.

మడత పడిన కాలంటే పెద్ద పనేమీ కాదు. తలను ఒక్క బెత్తెడు లోపలికి నెట్టాలి, వేళ్లతో గిట్టను మూసి పట్టుకుని మెల్లగా ముందుకు తేవాలి, మళ్లీ నొప్పి వచ్చినప్పుడు తల్లితో పాటు లాగాలి. సన్నటి చెయ్యి కావాలి అంతే. నాకు ఎనిమిదేళ్లప్పుడు బాపు నా చేతికి ఆముదం రాసి, “సన్నచెయ్యి ఉన్నోళ్లే దారి సూపాలె బిడ్డా, భయపడకు, లోపల ఎచ్చగుంటది,” అన్నాడు. అప్పటినుంచి మంద ఎక్కడున్నా, బడి సెలవుల్లో, పండగల్లో, ఆ పని నాది. వేళ్ల చివరలకు కళ్లుంటాయని అప్పుడే తెలిసింది, గిట్ట ఏదో మోకాలు ఏదో చీకట్లో పట్టుకుంటే తెలిసేది. అవ్వ చెయ్యి ఒకప్పుడు నాకంటే సన్నం, చికెన్‌గున్యా వచ్చిపోయాక వేళ్ల కణుపులు వాచి అట్లాగే బిగుసుకుపోయాయి, ముద్ద కలుపుకోవడమే కష్టం. పశువుల దవాఖానకు చెప్పాలంటే ఇంట్లో ఉన్న ఒక్క ఫోను నా ముఖం ముందరే ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను, కెమెరాకు కనపడకుండా కుడిచెయ్యి తనంతట తానే కదులుతోంది, నెట్టు, మూసి పట్టు, ముందుకు తే. ఇరవై ఆరు నిమిషాలు.

లే. లేస్తే ఏమవుతుంది? నాలుగు క్రెడిట్లు పోతాయి. మా డిపార్టుమెంటు దివాకర్ సార్ స్టాఫ్‌రూములో ఫైలు మూసి చెప్పారు, “ఈ నాల్గు క్రెడిట్లు లేకపోతే మెమో రాదమ్మా. కోర్సు మళ్ల వచ్చే ఏడే. నువ్వు ఫస్టు వచ్చినా, లాస్టు వచ్చినా గదే రూలు.” మెమో లేకపోతే జడ్చర్లలో ఉద్యోగం లేదు. మందుల కంపెనీ, నాణ్యత పరీక్షించే ల్యాబు, తెల్ల కోటు, నెలాఖరులోగా మెమో చూపిస్తే చేర్చుకుంటామని కాగితం ఇచ్చారు, ఆ కాగితాన్ని బాపు మంద వెంట పోతూ ప్లాస్టిక్ కవరులో పెట్టి ట్రంకుపెట్టెలో దాచాడు. మా ఇళ్లల్లో గొర్రె వెనక నడవని మొదటి మనిషిని నేనవుతాను. ఒక్క గొర్రె, అదీ కుంటిది. లెక్క చూస్తే లేవకూడదు, ఎవరినడిగినా లేవొద్దనే అంటారు, బాపు కూడా అదే అంటాడు, అవ్వ అనకుండానే అనేసి పోయింది. మరి నాకు కూర్చోబుద్ధి ఎందుకు కావడం లేదు? పని అయిపోయింది గదా, జవాబులన్నీ రాసేశాను గదా, ఇక్కడ నేను చేస్తున్నదేమిటి, ముఖం చూపించడం. ఆరు ఫోన్ల ముందు కూర్చుని రాని మనుషులను ఉన్నారని నొక్కాను, ఇప్పుడు ఉన్న మనిషిని కదలనివ్వడం లేదు. వీడియోలో ఆయన్ని తొమ్మిదిసార్లు ఆపాను. ఈ గంటను ఆపే గుండీ మాత్రం ఎక్కడా లేదు. పదిహేను నిమిషాలు ఇయ్యండి, పోయి వచ్చి మళ్లీ కూర్చుంటాను, రాత్రి దాకా కూర్చోమన్నా కూర్చుంటాను అని ఎవరికి చెప్పను? దివాకర్ సార్ ఎదురుగా ఉండి ఉంటే చెప్పేదాన్ని, “సార్, గొర్రె ఈనుతుంది,” అంటే ఆయన కూడా మనిషే గదా, “ఉరుకు,” అనేవారు. క్లాసును తిట్టుకున్నాను గాని క్లాసుకు తలుపుండేది.

చప్పుడు లేదు. ఎప్పటినుంచి లేదో గమనించలేదు. గొర్రె అరుపు లేదు, అవ్వ మూలుగు లేదు, గంప కింద కోళ్లు కూడా ఊరుకున్నాయి. చెవులు రెండూ ఎడమ పక్కకు పోయాయి, కళ్లు మాత్రం చదరంలో. పదిహేడు నిమిషాలు. ఈనేటప్పుడు అరవని గొర్రె ఉంటుందా? ఉండదు. అంటే ఈనేసింది. ఈనేశాక తల్లి అరవదు, పిల్లను నాకుతూ గొంతులోనే గురగురమంటుంది, అది దగ్గరుంటే తప్ప వినపడదు. అంతే, అంతే అయి ఉంటుంది. అవ్వ ఎట్లాగో చేసేసింది, వాచిన వేళ్లతోనే కాలు సరిచేసింది, ముసలిదని తక్కువ అంచనా వేశాను. ఇప్పుడు గడ్డితో పిల్ల ఒళ్లు తుడుస్తూ ఉంటుంది. ఆడదో మగదో. మొదటి పాలు పిండి నోట్లో పెడుతుంది. నాకు ఎంత తేలికైందంటే భుజాలు దిగిపోయాయి, చదరంలో పిల్ల కొంచెం కిందికి జారింది, మళ్లీ నిటారుగా సర్దుకున్నాను. పదకొండు నిమిషాలు. బాపుకు ఫోను చేసి రెండూ ఒకేసారి చెప్తాను, పరీక్ష అయిందని, గొర్రె ఈనిందని. అమ్మ ముందు గొర్రె సంగతే అడుగుతుంది. ఆరు నిమిషాలు. జడ్చర్లలో గది కిరాయికి తీసుకుంటే అవ్వను పది రోజులు తెచ్చి పెట్టుకుంటాను. రెండు.

పచ్చబడింది. నొక్కాను. అయిపోయిందనుకుంటే తెర నిండా ఇంకో కాగితం పరుచుకుంది, ‘స్వీయ వేగంతో సాగే ఆన్‌లైన్ అభ్యసనంపై మీ వైఖరి’, పది వాక్యాలు, ఒక్కోదానికి ఐదు సున్నాలు, నింపితే తప్ప ఫలితం చూపించదట. నేను చదువుకునే సమయాన్ని నేనే నిర్ణయించుకోగలిగాను. పూర్తిగా అంగీకరిస్తున్నాను. నా ఇతర బాధ్యతలకు ఈ విధానం అడ్డురాలేదు. పూర్తిగా అంగీకరిస్తున్నాను. మిగతావి చదవలేదు, చివరి సున్నా మీద టకటక నొక్కుకుంటూ పోయాను, పదీ పూర్తిగా అంగీకరించాను. ‘ఉత్తీర్ణత, తొంభై ఐదు శాతం. అభినందనలు నాగరాణి!’ ఫోనును బోర్లా పడేసి లేచాను, కాళ్లు తిమ్మిరెక్కి గోడ పట్టుకుని నడిచాను.

అవ్వ దొడ్డి మూలన గడ్డిలో చతికిలబడి ఉంది. గొర్రె తల ఆమె ఒళ్లో ఉంది. దాని మూతికి చీరకొంగు చుట్టి, ముక్కు రంధ్రాలు మాత్రం వదిలి, ఆ వాచిన వేళ్ల రెండు చేతులతో బిగించి పట్టుకుంది. గొర్రె డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. వెనకవైపు పిల్ల ముట్టె ఒక్కటే బయటికి వచ్చి ఉంది, నాలుక పక్కకు వేలాడుతోంది. నన్ను చూడగానే అవ్వ కళ్లు పెద్దవయ్యాయి. “ఎందుకు లేసొచ్చినవే? పో, పో కూసో,” అంది, అదీ గుసగుసగానే.

“అయిపోయిందవ్వా.”

“బెల్లు గొట్టిండ్రా?”

“గొట్టిండ్రు.”

“మల్ల అరవనియ్యలే బిడ్డా. ఒక్కపారి అరిచినందుకే నీ ఫోను మొత్తుకునె. నేనొచ్చి నిలబడ్డందుకు ఇంకోసారి మొత్తుకునె. మూడోసారి మా వల్ల గావొద్దని గట్టిగ పట్టుకున్న.”

ఆముదం సీసా కోసం లోపలికి పరుగెత్తి, చేతికి పోసుకుని, మోకాళ్ల మీద కూర్చుని నెట్టాను, గిట్ట దొరికింది, మూసి పట్టుకున్నాను, తెచ్చాను, నొప్పి కోసం ఆగాను, లాగాను. రెండు నిమిషాల పని. ముప్పై ఎనిమిది నిమిషాలు ఏ పనీ లేకుండా కూర్చున్నదాన్ని, నాతో ఇక్కడ పడింది రెండు నిమిషాల పని. పిల్ల జారి గడ్డి మీద పడింది, ఆడపిల్ల. నోట్లో వేలు పెట్టి జిగురు తీశాను, ముక్కులోకి ఊదాను, వెనక కాళ్లు పట్టుకుని ఊపాను, గడ్డితో రుద్దాను, మళ్లీ ఊదాను. వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు. చాలాసేపు ఊదాను.

“ఇగ చాలు తియ్యి,” అంది అవ్వ. “మల్ల ఈనుతది. నీ పరీక్షకేం గాలేదు గద?”

“పాసైన,” అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినందుకు నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది. అవ్వ రెండు కణుపుల మీద తోలు లేచిపోయి ఉంది, గొర్రె పెనుగులాడినప్పుడు రాతికి ఒరుసుకున్నట్టుంది, ఆమె చూసుకోలేదు.

కొంగు విప్పాం. గొర్రె కుంటికాలు ఈడ్చుకుంటూ మెల్లగా వెనక్కి తిరిగి పిల్ల దగ్గరికి వచ్చింది. వాసన చూసింది. చెవుల నుంచి మొదలుపెట్టి నాకింది, మెడ, డొక్క, కాళ్లు, లేపడానికి ముట్టెతో నెట్టింది, ఆగింది, మళ్లీ నాకింది. తర్వాత తలెత్తి అరిచింది. అవ్వ ఉలిక్కిపడి ఇంటి వైపు చూస్తూ దాని మూతి మీదికి చెయ్యి చాచింది. ఆ చేతిని గాలిలోనే పట్టుకున్నాను.

“అరవనియ్యి అవ్వా.”